షికాగో నుంచి మొబీల్ దాకా ఇద్దరి ప్రయాణం: ముందు పడవను ఆపడం నేర్చుకోండి

మిషిగన్ సరస్సులో రెండు మూడు వేసవులు తెరచాప పడవ నడిపిన భార్యాభర్తలకు తరచూ పుట్టే కోరిక ఒకటుంది. చలి ముదిరేలోపు పడవేసుకుని షికాగో దగ్గర నదుల్లోకి దిగాలి, దక్షిణానికి వెళ్ళి గల్ఫ్ తీరం చేరాలి, అక్కడినుంచి ఫ్లోరిడానో బహామాసో చూసుకోవాలి. షికాగో, డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ళలో కూడా ఈ సరదా ఉన్నవాళ్ళున్నారు. ఈ కోరికను ఎవరైనా కాదంటే నాకు నచ్చదు. కానీ ఈ ప్రయాణానికి జనం సిద్ధమయ్యే తీరు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. డబ్బూ శ్రద్ధా అంతా సముద్రం కోసం ఖర్చు పెడతారు. కొత్త తెరచాపలు, లైఫ్ రాఫ్టు, శాటిలైట్ ఫోను కొంటారు. నది మాత్రం "గట్టు కనిపిస్తూనే ఉంటుంది కదా" అని వదిలేస్తారు. ఈ దారిలో పడవలు దెబ్బతినేది ఎక్కువగా ఆ గట్టు కనిపించే చోటే.

ముందు దారి సంగతి. షికాగో దక్షిణాన కాల్యుమెట్ హార్బర్ దగ్గర లోపలికి దిగితే ఇల్లినాయ్ జలమార్గం గ్రాఫ్టన్ దాకా సుమారు 333 మైళ్ళు. అక్కడ మిసిసిపీలో కలిసి, సెయింట్ లూయిస్ మీదుగా 218 మైళ్ళు దిగితే కేరో వస్తుంది. కేరో నుంచి ఒహాయోలోకి తిరిగి, 46 మైళ్ళు ఎదురు నీటిలో పెడూకా చేరాలి. తర్వాత టెనెసీ నది, కెంటకీ సరస్సు, పిక్‌విక్ సరస్సు. అక్కడినుంచి టెనెసీ-టాంబిగ్‌బీ జలమార్గం డెమోపోలిస్ దాకా 234 మైళ్ళు, డెమోపోలిస్ నుంచి గల్ఫ్ తీరంలోని మొబీల్‌కు మరో 217. మొత్తం 1,260 మైళ్ళ చిల్లర, అంటే రెండు వేల కిలోమీటర్ల పైమాటే. లాకులు, అంటే పడవను ఒక నీటిమట్టం నుంచి ఇంకో మట్టానికి చేర్చే తలుపుల గదులు, 25. ధవళేశ్వరం కాలువల మీద లాకులు చూసినవాళ్ళకు పద్ధతి కొత్తేమీ కాదు, కొలతలే వేరు.

కేరో నుంచి మిసిసిపీలోనే నేరుగా న్యూ ఆర్లియన్స్ వెళ్ళొచ్చు కదా అని అడుగుతారు. వెళ్ళొచ్చు. కానీ కేరో దిగువన సముద్రానికి ఇంకా 950 మైళ్ళ పైన ఉంటుంది. అక్కడ ఒక్కో టోబోట్ (తోసే ఇంజిను పడవ) ముప్ఫై నలభై బార్జీలను, అంటే ఇంజిను లేని చదునైన సరుకు పడవలను, తోస్తుంది; చిన్న పడవకు డీజిలు దొరికే రేవులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 1984 చివర్లో పూర్తయిన టెనెసీ-టాంబిగ్‌బీ మార్గం ఉండగా ఇద్దరే ఉన్న పడవ ఆ బాట పట్టనక్కర్లేదు.

ఇక అసలు మాట. సరస్సులో తెరచాప మనకు నేర్పేది కదలడం. అక్కడ ఏదైనా తేడా వస్తే తెరచాప దించేసి కాసేపు కొట్టుకుపోతూ ఆలోచించుకునే వెసులుబాటు ఉంది. చుట్టూ ఖాళీ నీళ్ళే. నదిలో ఆ వెసులుబాటు లేదు. ఇంజిను ఆపినా నీళ్ళు గంటకు మూడు నాలుగు మైళ్ళ చొప్పున పడవను దిగువకు తీసుకుపోతూనే ఉంటాయి. దిగువన వంతెన స్తంభం, ఇనుప బోయ్ (దారి చూపే తేలే గుర్తు), కట్టేసిన బార్జీల వరస, లాకు తలుపు, ఏదో ఒకటి ఉండితీరుతుంది. అందుకే ఈ దారిలో తెలియాల్సిన విద్య పడవను ఆపడం. ఇంజినుతో, ఇంజిను లేకుండా, మోకుతో, లంగరుతో. ఇద్దరిలో ఒక్కరే ఉన్నప్పుడు కూడా.

మొదటి సాధన వాలుకు పోతున్న పడవను నిలబెట్టడం. చుక్కాని పనిచేసేది దాని పక్కనుంచి నీళ్ళు జారుతున్నప్పుడే. వాలులో వేగం తగ్గిస్తే పడవ నీటితోపాటే పోతుంది, చుక్కాని చచ్చుబడుతుంది, పడవ అడ్డం తిరుగుతుంది. చేయాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. ముందే చోటు చూసుకుని, ఇంజిను వేగం పెంచి, ముక్కును ఎగువకు తిప్పాలి. తిరిగాక ప్రవాహం ఎంతుందో అంతే వేగంతో ఇంజిను నడిపితే గట్టుమీది చెట్టు పక్కన కదలకుండా నిలబడుతుంది. చుక్కాని పూర్తిగా మన చేతిలో ఉంటుంది. గోదావరి మీద దిగువకు వస్తున్న లాంచీని సరంగు రేవు దగ్గర ఎగువకు తిప్పి మెల్లగా ఆనించేది ఇందుకే. లాకు తెరిచేదాకా ఆగాలన్నా, మలుపులో ఎదురొచ్చే బార్జీలకు దారి ఇవ్వాలన్నా, రేవుకు కట్టాలన్నా ఈ ఒక్క పనే. ఎగువకు తిరిగి, గట్టున రెండు గుర్తులు ఒకే వరసలో పెట్టుకుని, పది నిమిషాలు కదలకుండా నిలబెట్టగలగాలి. ఇది ఇద్దరికీ వచ్చేదాకా ఇల్లినాయ్ నది పైభాగంలోనే సాధన చేయండి. ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది కాబట్టి తప్పు జరిగినా పెద్ద నష్టం ఉండదు.

రెండోది కొయ్య, అంటే తెరచాప కట్టే స్తంభం. షికాగో దాటాక సుమారు 19.5 అడుగుల ఎత్తున తప్పించుకోలేని స్థిర వంతెన ఒకటుంది. ఊరి నడిబొడ్డున నదిలోంచి వెళ్తే 17 అడుగులే. అంచేత తెరచాప పడవ కాల్యుమెట్ వైపునుంచి రావడం మేలు, ఎటొచ్చినా కొయ్య దించక తప్పదు. దించేముందు కొయ్యను నిలబెట్టే తీగలను బిగించే టర్న్‌బకిల్ ఒక్కోదానికీ మర ఎంత బయటికుందో కొలిచి రాసుకోండి, టేపు చుట్టి పేరు పెట్టండి. పిన్నులు ఒక్కో తీగకు ఒక్కో సంచిలో వేయండి. కొయ్య లోపలి వైర్లు కోయకుండా కనెక్టర్ల దగ్గర విప్పండి. పడవమీద పరిచే కొయ్యకు మూడు ఊతాలు కావాలి: ముక్కున, మధ్యలో, వెనక. ఇంటూ గుర్తు ఆకారంలో బోల్టులేసి బిగించిన 2x6 అంగుళాల చెక్కలు, పైన పాత తివాచీ ముక్క ఉంటే చాలు. కానీ అవి ముందుకూ వెనక్కూ ఊగకుండా డెక్కుకు మోకులతో నాలుగు వైపులా లాగి కట్టాలి. టోబోట్ వెనక లేచే అలలకు పడవ అటూ ఇటూ పొర్లినప్పుడు ఊతం పక్కకు జారి కొయ్య పడిపోవడం ఈ దారిలో పాత కథే.

34 అడుగుల పడవ మీద 45 అడుగుల కొయ్య పడుకోబెడితే 11 అడుగులు బయటికి పొడుచుకొస్తుంది. ముందు ఆరు, వెనక అయిదు వచ్చేలా పెడతారు. లాకు గోడకు ముందు తగిలేది అదే, కాబట్టి రెండు కొసలకూ ఎర్రగుడ్డ కట్టండి. చాలామంది మరిచేది మరొకటుంది: ఆ కొయ్య ముక్కున లంగరు జారే రోలర్‌కు అడ్డం రావడం. కొయ్యతోపాటు పైనున్న వీహెచ్‌ఎఫ్ రేడియో యాంటెనా, లంగరు దీపం కూడా పోతాయి. వెనక కటకటాలకు వేరే యాంటెనా బిగించి, అన్ని వైపులకూ కనిపించే ఆల్‌రౌండ్ దీపం ఒకటి సిద్ధం చేసుకోండి. ఇవన్నీ అయ్యాక, రేవు వదిలేముందు, ఒక్కరే ముందుకెళ్ళి లంగరు వదిలి చూడండి. పదిహేను సెకన్లలో నీళ్ళలో పడకపోతే ఊతాల అమరిక మార్చండి. ఇంత తలనొప్పి వద్దనుకుంటే కొయ్యను లారీలో మొబీల్ పంపించేయొచ్చు. నిజానికి చాలా పడవలకు అదే తెలివైన దారి.

లంగరు విషయంలో పీనాసితనం పనికిరాదు. 32-35 అడుగుల పడవకు 15-16 కిలోల కొత్తరకం లంగరు, కనీసం 15 మీటర్ల గొలుసు, దానికి 50 మీటర్ల మోకు ఉండాలి. లోతు నాలుగు మీటర్లు, నీటిమట్టం నుంచి ముక్కు ఎత్తు ఒక మీటరు అనుకుంటే, ఏడింతల లెక్కన 35 మీటర్లు వదలాలి. నది అడుగున మునిగిన మానులు బోలెడు ఉంటాయి కాబట్టి లంగరు తలకు చిన్న తాడు కట్టి దానికో తేలే బంతి తగిలించండి. ఇరుక్కున్నప్పుడు వెనకనుంచి లాగి తీయడానికి అదే గతి. చోటు ఎంచేటప్పుడు లంకకూ గట్టుకూ మధ్య పాయ దొరికితే దాని దిగువ కొసనుంచి, ముక్కు ఎగువకు పెట్టి, లోతు చూసుకుంటూ లోపలికి వెళ్ళాలి. పైనుంచి దిగితే, మేట తగిలినప్పుడు ప్రవాహం ఇంకా లోపలికి ఎక్కించేస్తుంది. మిసిసిపీలో గట్టునుంచి నదిలోకి అడ్డంగా కట్టిన రాతి గ్రోయిన్లు (అడ్డుకట్టలు) వందల కొద్దీ ఉన్నాయి. నీరెక్కువున్నప్పుడు అవి మునిగి, పైన చిన్న సుళ్ళ గీత మాత్రమే కనిపిస్తుంది. బోయ్‌ల వరస దాటి బయటికి వెళ్ళేముందు చార్టులో వాటి జాడ చూసి తీరాలి.

ఇంజిను గురించి ఒక్కమాటలో చెప్పాలంటే, ఈ దారిలో మీది తెరచాప పడవ కాదు, 30 గుర్రాల డీజిలు పడవ. ఏళ్ళ తరబడి రేవుకు రావడానికీ పోవడానికీ అరగంట నడిచిన ఇంజిను ఒక్కసారిగా రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు నడుస్తుంది. టోబోట్ల అలలకు ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి కలిసిపోయి ఫిల్టర్లను మూసేస్తుంది. ముందు ఇంజిను చప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, తర్వాత బలం తగ్గుతుంది, తర్వాత ఆగిపోతుంది. దీనికి మందు షికాగోలోనే ట్యాంకు తెరిచి కడిగించడం. అది చేయకుండా ఎన్ని ఫిల్టర్లు కొన్నా లాభం లేదు. అయినా ప్రైమరీ ఫిల్టర్లు 10 మైక్రాన్‌వి ఆరు, ఇంజిను మీది సెకండరీవి రెండు, నీళ్ళ పంపు ఇంపెల్లర్లు (లోపల తిరిగే రబ్బరు రెక్కలు) రెండు, ఒక బెల్టు దగ్గర పెట్టుకోండి. ఫిల్టరు మార్చాక గాలి తీయడం ఇద్దరూ చేతులతో చేసి చూడాలి. ఇంజినును చల్లార్చే నీటిలోని బురద, ఆకులు వడగట్టే స్ట్రెయినర్‌ను రోజూ సాయంత్రం తెరిచి కడగాలి. పొగగొట్టంలోంచి నీళ్ళు తగ్గి తెల్లటి ఆవిరి వస్తోందంటే లోపలికి నీళ్ళు రావడం లేదన్నమాట. పడవ లోహం తినిపోకుండా తగిలించే జింక్ ఆనోడ్లు మంచినీటిలో పొరకట్టి పనిచేయవు. మంచినీరు, ఉప్పునీరు రెండూ తగిలే ఈ దారికి అల్యూమినియంవి సరైనవి.

ఇంజిను ఆగితే ఏం చేయాలో వరసగా చెబుతాను, ఎందుకంటే నూటికి తొంభై మంది మొదట కిందికి దిగి ఇంజిను మూత తీస్తారు. అది నాలుగో పని. పడవకు ఇంకా మిగిలిన వేగంతో చుక్కాని తిప్పి బార్జీలు పోయే లోతు దారినుంచి పక్కకు రావాలి. వేగం చచ్చిపోకముందే లంగరు వదలాలి. రేడియోలో 13వ చానెల్ మీద నది చార్టులోని మైలు సంఖ్య చెప్పి, ఇంజిను ఆగిందనీ లంగరేశామనీ దగ్గరలోని టోబోట్లకు తెలపాలి. అప్పుడు మూత తీయాలి. అన్నిటికన్నా ప్రమాదం ఎగువనుంచి కొట్టుకొచ్చి కట్టేసిన బార్జీల వరసకు తగలడం. వాటి ముందుభాగం కిందికి ఏటవాలుగా ఉంటుంది, ప్రవాహం దానికిందికే దూరుతుంది, చిన్న పడవ కూడా దానికిందికే పోతుంది. బార్జీలు కట్టేసిన చోటికి ఎగువన ఏ కారణంచేతా ఆగొద్దు, అవతలి గట్టు పట్టుకుని దాటేయండి.

కదిలే బార్జీలతో వ్యవహారం ఇంతకన్నా సులువు, ఎందుకంటే అవతల నడిపేవాడు పనిమంతుడు, మాట్లాడితే జవాబిస్తాడు. ఒక్కో బార్జీ 195 అడుగుల పొడవు, 35 వెడల్పు. ఇల్లినాయ్‌లో మామూలుగా కనిపించే పదిహేను బార్జీల గుంపు టోబోట్‌తో కలిపి వెయ్యి అడుగులు దాటుతుంది. ఆపాలంటే మైలు దాకా పట్టవచ్చు. ముందున్న కొన్ని వందల అడుగులు అతనికి కనిపించవు. కాబట్టి మనమే ముందు పిలవాలి: పడవ పేరు, మైలు సంఖ్య, ఎటు పోతున్నామో చెప్పి, ఏ వైపు దాటమంటారని అడగాలి. అతను "వన్ విజిల్" అంటే మనం కుడికి జరగాలి, "టూ విజిల్" అంటే ఎడమకు. ఎదురొస్తున్నా, వెనకనుంచి దాటుతున్నా ఇదే లెక్క. మలుపులో మాత్రం అతను ఏమన్నా సరే లోపలికి వెళ్ళకపోవడమే మంచిది. బార్జీల గుంపు మలుపు తిరుగుతూ నదంతా ఊడుస్తుంది. పైనే ఎగువకు తిరిగి నిలబడండి, అతను వచ్చేశాక వెళ్ళొచ్చు.

లాకుల దగ్గర భయం అనవసరం, తొందర మాత్రం ప్రమాదం. సరదా పడవలకు రుసుము లేదు. సరుకు పడవలదే ముందు వంతు, గంటలకొద్దీ ఆగాల్సి రావచ్చు. రోజు ప్రయాణం లెక్కవేసేటప్పుడు ఒక్కో లాకుకు గంట, ఇల్లినాయ్‌లో అయితే రెండు గంటలు కలపండి. గోడలు నాచుపట్టి జిగురుగా ఉంటాయి కాబట్టి రెండు వైపులా మూడేసి పెద్ద ఫెండర్లు (పడవ గోడకు రాసుకోకుండా వేలాడదీసే దిండ్లు) వేయాలి. కొన్ని లాకుల్లో పైనుంచి మోకులు వదులుతారు. టెనెసీ-టాంబిగ్‌బీలో గోడలోని గాడిలో నీటితోపాటు దిగే తేలే బొల్లార్డులు (మోకు చుట్టే గుంజలు) ఉంటాయి. పడవ నడిమి క్లీటు (డెక్కు మీద మోకు కట్టే కొక్కెం) నుంచి 12-14 మిల్లీమీటర్ల మోకు తీసుకుని, బొల్లార్డు చుట్టూ ఒక చుట్టు తిప్పి, కొస మళ్ళీ క్లీటుకు తెచ్చి చేత్తో పట్టుకోవాలి. ముడి వేయకూడదు. ఆ బొల్లార్డు అప్పుడప్పుడు గాడిలో ఇరుక్కుంటుంది. ఆ మార్గంలోనే ఉన్న జేమీ విట్టెన్ లాకులో నీళ్ళు 84 అడుగులు దిగుతాయి. మోకు కట్టేసి ఉంటే పడవ ఒక పక్క వేలాడి ఒరిగిపోతుంది, క్లీటు ఊడివచ్చి మనిషిని కొడుతుంది. బొల్లార్డు కీచుమనడం ఆగి, గోడమీద తడిగీత కదులుతున్నా అది కదలకపోతే మోకు వదిలేయాలి. వదలడానికి వీల్లేకపోతే కోయాలి. కత్తి జేబులో కాదు, మోకు పట్టుకున్న మనిషి ఎదుటే ఉండాలి.

ఇక్కడే ఇద్దరి పనుల పంపకం సంగతి. దాదాపు ప్రతి పడవలోనూ ఆయన చక్రం పట్టుకుంటాడు, ఆవిడ మోకు పట్టుకుని ముందుకు పరిగెత్తుతుంది. ఆయన వెనకనుంచి అరుస్తుంటాడు, ఇంజిను చప్పుడులో ఆవిడకు వినపడదు. దీన్ని నేను ససేమిరా ఒప్పుకోను. చక్రానికి కావాల్సింది బలం కాదు, చూపూ నిదానమూ. అయిదారు టన్నుల పడవను మోకుతో పట్టి నిలపడానికే బలం కావాలి. సగం లాకుల్లో ఆవిడ చక్రం పట్టాలి, సగంలో ఆయన. చెవికి పెట్టుకునే చిన్న హెడ్‌సెట్లు కొనుక్కుంటే అరుపులు ఉండవు. అంతకన్నా పెద్ద కారణం ఇంకోటి. ఒకరు నీళ్ళలో పడితే పడవలో మిగిలేది ఒక్కరే. పడ్డ మనిషీ పడవా ఒకే ప్రవాహంలో పోతుంటారు కాబట్టి ఇద్దరి మధ్య నీరు నిశ్చలంగా ఉన్నట్టే లెక్క. అప్పుడు లంగరు వేస్తే మనిషి దూరమైపోతాడు. తిప్పి, దిగువ వైపునుంచి మెల్లగా వచ్చి, దగ్గరయ్యాక గేరు న్యూట్రల్‌లో పెట్టి, నిచ్చెన దించాలి. ఇది ఇద్దరిలో ప్రతి ఒక్కరూ ఒంటరిగా చేయగలగాలి. రొమియోవిల్ దగ్గర కార్ప్ చేపలు సరస్సులోకి రాకుండా కాలువలో విద్యుత్తు కంచె పెట్టారు, సుమారు 296వ మైలు దగ్గర. అక్కడ లైఫ్ జాకెట్టు వేసుకోవడం నిబంధన, నీళ్ళలో చేయి పెట్టకూడదు, ఆగకూడదు. జాకెట్టు అక్కడే కాదు, మొబీల్ దాకా విప్పొద్దు.

డీజిలుకు కష్టమైన భాగం గ్రాఫ్టన్ దిగువనున్న ఆల్టన్ నుంచి పెడూకా దాకా 249 మైళ్ళు. కిమ్స్‌విక్ దగ్గర దశాబ్దాలుగా పడవలు ఆగిన తేలే రేవు ఇప్పుడు లేదు, పాత గైడు పుస్తకాలు చూసి దానిమీద ఆశ పెట్టుకోవద్దు. నిలకడ నీటిలో గంటకు 6.3 మైళ్ళు వెళ్ళే పడవకు మిసిసిపీ మూడు మైళ్ళు కలుపుతుంది, అంటే 203 మైళ్ళకు 22 గంటలు. ఒహాయోలో ఎదురు నీరు రెండు మైళ్ళు తీసేస్తే 46 మైళ్ళకు 11 గంటలు. 33 గంటలకు గంటకు రెండున్నర లీటర్ల చొప్పున 82 లీటర్లు. మూడోవంతు అదనం కలిపితే 110. ట్యాంకు 90 లీటర్లదైతే 20 లీటర్ల డబ్బా కనీసం ఒకటి కావాలి, రెండుంటే నిశ్చింత. ఆల్టన్ నుంచి తెల్లారగానే బయల్దేరితే సాయంత్రానికి 117వ మైలు దగ్గర కస్కాస్కియా లాకు చేరొచ్చు, లాకుమాస్టరును అడిగి అక్కడ కట్టుకోవచ్చు. ఆల్టన్ దిగువన మెల్ ప్రైస్ లాకు దగ్గర బార్జీలు బారులు తీరి మధ్యాహ్నమయ్యేలా ఉంటే, మొహమాటం లేకుండా రెండు మైళ్ళు వెనక్కి ఆల్టన్ వచ్చేయండి. చీకట్లో ఈ నదిమీద చిన్న పడవ ఉండకూడదు. మర్నాడు కేప్ జిరార్డో దాటాక లిటిల్ డైవర్షన్ కాలువలోకి తిరిగి లంగరు వేయడం ఆనవాయితీ. సెయింట్ లూయిస్ దగ్గర లాక్ 27 దాటాక మిసిసిపీకి ఇంక ఆనకట్ట లేదు, వానను బట్టే మట్టం. పెరుగుతున్న నీరు గట్లమీది మానులను లేపుకొస్తుంది, తగ్గుతున్న నీరు వాటిని గట్టునే వదిలేస్తుంది. సెయింట్ లూయిస్ గేజీలో నీటిమట్టం పెరుగుతోందంటే ఆల్టన్‌లోనే నాలుగు రోజులు కూర్చోండి.

కెంటకీ సరస్సు చేరాక ఊపిరి పీల్చుకోవచ్చు. టెనెసీ-టాంబిగ్‌బీ స్థిర వంతెనలు 52 అడుగులు. నీటిమట్టం నుంచి యాంటెనాతో కలిపి 48 అడుగుల లోపు వచ్చే కొయ్య అయితే ఇక్కడే ఎత్తించుకోండి. తెరచాప కోసం మాత్రమే కాదు, లంగరు దారి ఖాళీ అవుతుంది, లాకుల్లో కొసలు తగలవు. అంతకన్నా పొడవైతే మొబీల్ దాకా అలాగే మోయాలి. తుపానుల కాలం ముగిసేదాకా గల్ఫ్ తీరానికి దిగొద్దని బీమా పత్రాల్లో మామూలుగా షరతు ఉంటుంది. తేదీలు మీ పత్రంలో చూసుకోండి. సెప్టెంబరులో షికాగో వదిలినవాళ్ళు ఈ సరస్సుల్లోనే నిదానిస్తూ నవంబరులో కిందికి దిగుతారు. దిగేముందు లాకుల మూసివేత ప్రకటనలు చదవండి. డెమోపోలిస్ లాకు 2024 జనవరిలో అడుగు కాంక్రీటు పగిలి మే దాకా మూతబడింది. ఆ దారిలో పక్కదారి అంటూ లేదు.

డెమోపోలిస్‌లో ట్యాంకూ డబ్బాలూ మళ్ళీ నింపండి, ముందున్నది 217 మైళ్ళు. కాఫీవిల్ లాకు చివరిది. దాని దిగువన ఆటుపోట్లు మొదలవుతాయి కాబట్టి లంగరు వేసినచోట పడవ రాత్రి ఒకవైపుకు, తెల్లారేసరికి ఇంకోవైపుకు తిరిగి ఉండొచ్చు. చుట్టూ తిరగడానికి చోటు చూసుకుని వేయండి. మొబీల్ అఖాతం లోతు తక్కువ, పది అడుగుల చొప్పున ఉంటుంది. ఉత్తరపు గాలి గట్టిగా వీచినరోజు చిన్న చిన్న నిటారు అలలు లేస్తాయి, పడుకోబెట్టిన కొయ్యను ఊతాలమీదినుంచి ఎగరగొట్టేది ఆ అలలే. అలాంటి రోజున మొబీల్ నది లోపలే ఆగి, గాలి తగ్గాక ఉదయం పూట డాగ్ రివర్‌కు దాటండి. కొయ్య ఎత్తే క్రేనులున్న యార్డులు అక్కడున్నాయి. షికాగోలో రాసుకున్న టర్న్‌బకిల్ కొలతల కాగితం అప్పుడు తీయండి.